వికేంద్రీకృత సామాజిక మాధ్యమాల్లో బ్లాక్‌చైన్ నవీకరణ: నియమం ఎవరి సమ్మతితో మారుతుంది?

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు, కంపెనీ యాజమాన్యం లేని సామాజిక మాధ్యమంలో ప్రోగ్రామును మార్చడం ఎందుకు చిక్కైన పనో వివరించగలుగుతారు. సాఫ్ట్ ఫోర్క్‌కి, హార్డ్ ఫోర్క్‌కి తేడా చెప్పగలుగుతారు. స్టీమ్ అనే నెట్‌వర్క్ 2020లో రెండుగా చీలిపోవడానికి దారితీసిన పరిస్థితులను విశ్లేషించగలుగుతారు. నవీకరణ రోజున మామూలు వాడకందారు ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో, తెలుసుకుంటారు.

1. పరిచయం

కొయ్యూరులో ఉండి దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయిని ఊహించండి. రాత్రి ఫోను చార్జింగ్‌కి పెట్టి పడుకుంటుంది. పొద్దున లేచి చూస్తే ఫేస్‌బుక్‌లో ఒక బొత్తాం చోటు మారి ఉంటుంది. నిన్నటిదాకా పైన కనిపించిన స్నేహితురాళ్ల పోస్టులు కిందికి పోయి, ముక్కూ మొహం తెలియనివాళ్ల వీడియోలు పైకి వచ్చి ఉంటాయి. ఈ మార్పు గురించి ఆమెను ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరమూ లేదు. సర్వర్లు కంపెనీవి, ప్రోగ్రాము కంపెనీది. ఖాతా తెరిచిన రోజునే ఆమె "అంగీకరిస్తున్నాను" అన్న చోట నొక్కింది.

ఈ కొండల్లో ఇంటర్నెట్ వాడకం విస్తరించింది ఈ మధ్యనే. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభించిన 100 4జీ టవర్లలో 85 అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. అయితే నియమాలను ఎవరు మారుస్తారు, ఎవరిని అడిగి మారుస్తారు అన్న ప్రశ్న మాత్రం కొయ్యూరుకి కొత్త కాదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు మీద, అడవి వాడకం మీద ఆంక్షలు పెట్టినప్పుడు కొండవాళ్లను ఎవరూ సంప్రదించలేదు. ఆ అసంతృప్తి 1922లో తిరుగుబాటుగా లేచింది. 1924 మే 7న ఈ కొయ్యూరులోనే అల్లూరి సీతారామరాజును కాల్చి చంపారు. ఒక ఫోను యాప్‌ను ఆ పోరాటంతో పోల్చడం నా ఉద్దేశం కాదు. ప్రశ్న స్వరూపం ఒకటేనని గుర్తుచేయడానికే ఈ ప్రస్తావన.

వికేంద్రీకృత సామాజిక మాధ్యమం అంటే ఏ ఒక్క కంపెనీ సర్వర్ల మీదా ఆధారపడకుండా, అనేకమంది నడిపే కంప్యూటర్ల మీద నడిచేది. ఇందులో రెండు రకాలున్నాయి. 2019 నవంబరులో మన దేశంలో చాలామంది ట్విట్టర్ మీద అసంతృప్తితో వెళ్లి చేరిన మాస్టొడాన్‌లో బ్లాక్‌చైన్ లేదు. అక్కడ ఎవరి సర్వరును వారు నడుపుకొంటారు, సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. రెండో రకం బ్లాక్‌చైన్ మీద నడిచేది. ఈ భాగంలో మనం పరిశీలించేది ఈ రెండో రకాన్నే. మాస్టొడాన్‌లో ఒక సర్వరు పాత ప్రోగ్రాముతోనే కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. బ్లాక్‌చైన్‌లో ఆ వెసులుబాటు ఉండదు. ఎందుకుండదో చూద్దాం.

2. ఇరవై ఒక్క ఖాతా పుస్తకాలు

సంతకి వచ్చే ఒక సావుకారు దగ్గర అరువు ఖాతా ఉందనుకోండి. రైతు ఉప్పు, నూనె, బట్ట అరువు పట్టుకెళతాడు. పసుపో చింతపండో దిగుబడి వచ్చాక తీరుస్తాడు. పుస్తకం సావుకారు దగ్గరే ఉంటుంది. అందులో ఏం రాసుకున్నాడో రైతుకి తెలియదు, ఒక అంకె మార్చినా తెలియదు.

ఇప్పుడు అదే ఖాతాను 21 ఊళ్లలో 21 మంది విడివిడిగా రాస్తున్నారనుకుందాం. ప్రతి సంత రోజునా ఒకరు ఆ వారం పద్దులను గట్టిగా చదువుతారు, మిగిలిన 20 మంది సరిచూసి తమ పుస్తకాల్లో ఎక్కించుకుంటారు. ప్రతి కొత్త పేజీ పైన, ముందు పేజీలోని అంకెలన్నిటినీ కలిపి లెక్కకట్టిన ఒక గుర్తు సంఖ్య వేస్తారు. పాత పేజీలో ఎవరైనా ఒక్క అంకె దిద్దితే ఆ గుర్తు సంఖ్య మారిపోతుంది. దాంతో తరవాతి పేజీ తప్పుతుంది, ఆ తరవాతిదీ తప్పుతుంది. దొంగలెక్క రాయాలంటే ఒక్క పుస్తకం దిద్దితే చాలదు. పేజీని బ్లాక్ అనీ, గుర్తు సంఖ్యను హ్యాష్ అనీ, పుస్తకం ఉంచుకున్న కంప్యూటరును నోడ్ అనీ అంటారు. పేజీలు ఇలా ఒకదానికొకటి ముడిపడి ఉండడం వల్లే బ్లాక్‌చైన్ అన్న పేరు వచ్చింది.

సామాజిక మాధ్యమంలో ఈ పద్దులు అరువులు కావు. "ఫలానా ఖాతా ఈ పోస్టు పెట్టింది", "ఫలానా ఖాతా దీనికి వోటు వేసింది", "ఫలానా ఖాతా ఆమెను అనుసరిస్తోంది" అన్నవే పద్దులు.

ఈ ఏర్పాటులో దొంగలెక్క కష్టమవుతుంది, నిజమే. కానీ దాంతోపాటు మంచి మార్పు కూడా కష్టమవుతుంది. లెక్కలు రాసే పద్ధతి మార్చాలంటే 21 మందీ ఒకే రోజు నుంచి మార్చాలి.

3. సాఫ్ట్ ఫోర్క్, హార్డ్ ఫోర్క్

మన దేశంలో 1957 ఏప్రిల్ 1న రూపాయికి 16 అణాల లెక్క పోయి 100 నయాపైసల లెక్క వచ్చింది. తేదీ ముందే ప్రకటించారు. ఆ రోజు నుంచి అణాల్లో రాసిన కొత్త పద్దు చెల్లదనుకుందాం. నయాపైసల్లో రాసిన పద్దు, మార్పు సంగతి తెలియని పాత గుమాస్తాకి అర్థం కాదు. పాత నియమం తప్పు అనే పద్దును కొత్త నియమం ఒప్పు అంటే, అలాంటి మార్పును హార్డ్ ఫోర్క్ అంటారు. నోడ్లన్నీ కొత్త ప్రోగ్రాములోకి మారకపోతే ఆ క్షణం నుంచి రెండు వేర్వేరు పుస్తకాలు మొదలవుతాయి.

మరో రకం మార్పు ఉంది. "ఇకమీదట ఒక్కొక్కరికి 500 రూపాయలకు మించి అరువు రాయకూడదు" అని ఎక్కువమంది గుమాస్తాలు నిర్ణయించుకున్నారనుకోండి. ఆ సంగతి తెలియని గుమాస్తాకి 300 రూపాయల పద్దు మామూలుగానే కనిపిస్తుంది, రాసుకుంటాడు. పాత నియమాన్ని బిగించడమే తప్ప కొత్తదేదీ చేర్చలేదు కనక పుస్తకాలు చీలవు. ఇది సాఫ్ట్ ఫోర్క్. చూడ్డానికి మెత్తనిదే. కానీ నియమాన్ని ఎవరి మీదికి బిగిస్తున్నారన్నదాన్ని బట్టి అది ఎంత పదునైనదో మనం కాసేపట్లో చూస్తాం.

నయాపైసల మార్పుకి పార్లమెంటు చట్టం ఉంది, వెనకాల ప్రభుత్వం ఉంది. బ్లాక్‌చైన్‌కి అలాంటి ప్రభుత్వం లేదు. ప్రభుత్వ శాఖలు నడిపే బ్లాక్‌చైన్ల సంగతి వేరు. 2017 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూమి రికార్డుల కోసం క్రోమావే అనే స్వీడన్ కంపెనీతో కలిసి పనిచేస్తామని ప్రకటించింది. అటువంటి అనుమతి గల నెట్‌వర్కుల్లో నోడ్లు ఎవరు నడపాలో ముందే నిర్ణయిస్తారు, నవీకరణ ఒక ఆఫీసు ఉత్తర్వుతో అయిపోతుంది. బహిరంగ నెట్‌వర్కుల్లో ఆ ఉత్తర్వు ఇచ్చేదెవరు? దీనికి సమాధానం పుస్తకాల్లో ఉన్నంత శుభ్రంగా ఆచరణలో ఉండదు. అందుకే ఒక నిజమైన ఉదాహరణను కొంచెం వివరంగా పరిశీలిద్దాం.

4. స్టీమ్: నవీకరణల చరిత్ర

స్టీమ్ 2016 మార్చిలో మొదలైంది. దీన్ని రూపొందించినవారు డాన్ లారిమర్, నెడ్ స్కాట్. స్టీమిట్ అనే కంపెనీ దీనికి వెబ్‌సైటు నడిపేది. పోస్టు రాసినవారికీ, మంచి పోస్టులను వోటుతో గుర్తించినవారికీ నెట్‌వర్కే స్టీమ్ అనే క్రిప్టో నాణెం రూపంలో ప్రతిఫలం ఇస్తుంది. రాత మొత్తం బ్లాక్‌చైన్ మీదే ఉంటుంది. బొమ్మలు మాత్రం బయటి సర్వర్లలో ఉంటాయి.

ఇక్కడ 3 సెకండ్లకు ఒక బ్లాక్ తయారవుతుంది. తయారుచేసేవారిని విట్‌నెస్‌లు, అంటే సాక్షులు, అంటారు. మన సంత ఉదాహరణలో గుమాస్తాలను 21 మంది అనడం ఊరికే కాదు. స్టీమ్‌లో ఒక్కో విడతకి 21 మంది సాక్షులు ఉంటారు. వారిలో 20 మంది ఎక్కువ వోట్లు వచ్చినవారు; మిగిలిన ఒక్క స్థానంలో కింది వరసలోని సాక్షులు వంతులవారీగా వస్తారు. హార్డ్ ఫోర్క్ జరగాలంటే 21 మందిలో కనీసం 17 మంది కొత్త ప్రోగ్రామును నడుపుతూ ఉండాలి. ప్రోగ్రాములో రాసిపెట్టిన తేదీ, సమయం రాగానే, 17 మంది సిద్ధంగా ఉంటే, కొత్త నియమాలు అమల్లోకి వస్తాయి.

సాక్షులను ఎన్నుకునే పద్ధతిని మాత్రం జాగ్రత్తగా గమనించండి. ఇక్కడ మనిషికొక వోటు లేదు. నెట్‌వర్క్‌లో ఎంత స్టీమ్‌ను కదలకుండా కట్టిపెడితే వోటుకి అంత బరువు. పైగా ఒక ఖాతా 30 మంది సాక్షులకు వోటు వేయవచ్చు, 30 మందికీ పూర్తి బరువుతోనే. అంటే బాగా పెద్ద నిల్వ ఉన్న ఒక్కరు తలచుకుంటే పై 20 స్థానాలనూ తమ వాళ్లతో నింపగలరు.

నవీకరణ అంటే కేవలం సాంకేతిక పని అనుకుంటే పొరపాటు. 2019 ఆగస్టు 27న జరిగిన 21వ హార్డ్ ఫోర్క్‌లో, పోస్టు మీద వచ్చే ప్రతిఫలంలో రచయితకి 75, వోటు వేసినవారికి 25 శాతంగా ఉన్న పంపకాన్ని చెరి 50గా మార్చారు. ఒకరు దీన్ని ప్రోగ్రాము సవరణ అంటారు. రాతమీద నాలుగు డబ్బులు సంపాదించుకునేవారు కూలి రేటు తగ్గించారంటారు. రెండూ నిజమే.

అందరూ ఒప్పుకున్న నవీకరణ కూడా గాడి తప్పవచ్చు. 2018 సెప్టెంబరు 25న జరిగిన 20వ హార్డ్ ఫోర్క్ ఇందుకు మంచి ఉదాహరణ. ప్రతి పోస్టు, ప్రతి వ్యాఖ్య నోడ్ల మీద కొంత భారం వేస్తుంది. ఆ భారాన్ని కొలవడానికి రిసోర్స్ క్రెడిట్లు అనే కొత్త లెక్క తెచ్చారు. వీటిని ఫోనులో రోజువారీ డేటా కోటాలాంటివి అనుకోవచ్చు: వాడితే తరుగుతాయి, 5 రోజుల్లో మళ్లీ నిండుతాయి. ఆలోచన బాగానే ఉంది. కానీ నియమం అమలైన క్షణంలో ఖాతాల్లో క్రెడిట్లు దాదాపు లేకుండానే లెక్క మొదలైంది. పోస్టు పెడదామని వచ్చిన వేలమందికి కోటా లేదన్న జవాబే ఎదురైంది. వరసగా సవరణలు విడుదల చేసి, కొన్ని రోజుల తరవాత గానీ పరిస్థితిని దారికి తేలేకపోయారు. అంతకు వారం ముందు, ఇంకా ఫోర్క్ తేదీ రాకముందే, కొన్ని నోడ్లు కొత్త ప్రోగ్రామును, కొన్ని పాతదాన్ని నడుపుతుండగా బయటపడిన ఒక దోషం వల్ల నెట్‌వర్క్ మొత్తం కొన్ని గంటలు ఆగిపోయింది. కంపెనీ సర్వరులోనైతే నిన్నటి ప్రోగ్రామును తిరిగి పెట్టేసి తప్పించుకోవచ్చు. ఇక్కడ వెనక్కి వెళ్లాలన్నా మళ్లీ 17 మంది ఒప్పుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ప్రతిఫలం పంపకాన్ని 75–25 నుంచి 50–50కి మార్చడం సాఫ్ట్ ఫోర్క్‌తో సాధ్యమా? మీ జవాబుకి కారణం నాలుగు వాక్యాల్లో రాయండి. పాత నోడ్ కొత్త లెక్కను ఒప్పుకుంటుందా అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి.

5. 2020: సమ్మతి తెగిపోయినప్పుడు

2020 ఫిబ్రవరిలో స్టీమిట్ కంపెనీని ట్రాన్ అనే మరో బ్లాక్‌చైన్ వ్యవస్థాపకుడు జస్టిన్ సన్ కొన్నాడు. కంపెనీతోపాటు, అది మొదటి రోజుల్లో తవ్వి పక్కన పెట్టుకున్న నాణేల నిల్వ కూడా అతని చేతికి వచ్చింది. ఆ నిల్వ మొత్తం స్టీమ్‌లో సుమారు ఐదో వంతు. నెట్‌వర్క్ అభివృద్ధికే వాడతామని, సాక్షుల ఎన్నికలో దాంతో వోటు వేయబోమని పాత యాజమాన్యం చెబుతూ వచ్చింది. అది మాట మాత్రమే. ప్రోగ్రాములో ఎక్కడా రాయలేదు.

కొత్త యజమాని ఆ మాటకి కట్టుబడి ఉంటాడో లేదోనని భయపడిన సాక్షులు ఫిబ్రవరి చివరి వారంలో ఒక సాఫ్ట్ ఫోర్క్ చేశారు. కంపెనీ ఖాతాల నుంచి వచ్చే లావాదేవీలను కొంతకాలం ఏ బ్లాకులోనూ చేర్చకూడదన్నది ఆ నియమం. అరువు పరిమితి ఉదాహరణలాగే ఇదీ బిగింపే. కాకపోతే ఒక్కరి మెడకే బిగింపు.

జవాబు మార్చి 2న వచ్చింది. బైనాన్స్, హువోబీ, పొలొనియెక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీల ఖాతాల నుంచి కోట్ల కొద్దీ స్టీమ్ ఒక్కసారిగా వోటు బరువుగా మారింది. ఆ వోట్లన్నీ కొత్తగా పుట్టిన సాక్షి ఖాతాలకు పడ్డాయి. కొద్ది నిమిషాల వ్యవధిలో పై 20 స్థానాలూ మారిపోయాయి. సాఫ్ట్ ఫోర్క్ రద్దయింది.

ఆ స్టీమ్ ఎవరిది? ఎక్స్ఛేంజీలది కాదు. అమ్మకాలు, కొనుగోళ్ల కోసం అక్కడ దాచుకున్న ఖాతాదారులది. తాళాలు ఎక్స్ఛేంజీల దగ్గర ఉన్నాయి కనక వోటూ వారే వేశారు. సహకార సంఘంలో మీరు దాచిన పసుపు బస్తాలను చూపించి గుమాస్తా సంఘం ఎన్నికల్లో మీ తరఫున వోటు వేసేసినట్టు. ఇంకో చిక్కు కూడా ఉంది. వోటు కోసం కట్టిపెట్టిన స్టీమ్‌ను విడిపించాలంటే అప్పట్లో 13 వారాలు పట్టేది. ఇది మామూలు నవీకరణ అనుకుని తాము అనుమతి ఇచ్చామని బైనాన్స్ అధిపతి తరవాత వివరణ ఇచ్చాడు. "నవీకరణ" అన్న మాట చూసి, లోపల ఏముందో చదవకుండా సంతకం పెట్టడం ఎంత పెద్ద సంస్థలోనైనా జరుగుతుందన్నమాట.

విమర్శలు వెల్లువెత్తడంతో బైనాన్స్, హువోబీ వోట్లను వెనక్కి తీసుకున్నాయి. పాత వాడకందారులు చిన్నచిన్న నిల్వలన్నీ కూడగట్టి తమ సాక్షులను కొందరిని తిరిగి పై వరసకి తెచ్చుకున్నారు. అయితే ఏ పక్షానికీ 17 మంది దక్కలేదు. ఆపడానికి బలం ఉంది, మార్చడానికి లేదు.

చివరికి 2020 మార్చి 20న, మన లెక్కలో రాత్రి 7:30కి, పాత సాక్షులు, ప్రోగ్రామర్లు కలిసి స్టీమ్ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి నకలు తీసుకుని హైవ్ అనే కొత్త గొలుసు మొదలుపెట్టారు. పోస్టులు, ఖాతాల పేర్లు, వాటి నిల్వలు అన్నీ కొత్త గొలుసులోకి వచ్చాయి. కంపెనీ నిల్వను మాత్రం వదిలేశారు. నిన్నటిదాకా ఒకే ఖాతా ఉన్న వ్యక్తికి తెల్లవారేసరికి ఒకే పేరుతో, ఒకే తాళాలతో రెండు చోట్ల ఖాతాలున్నాయి.

ఫోర్క్ అనే మాటకి కంపెనీల ప్రపంచంలో సమానమైనది లేదు. ఫేస్‌బుక్ మీద కోపం వచ్చి వెళ్లిపోయేవాళ్లు తమ పాత పోస్టులను, స్నేహితులను, ఆ స్నేహితులు రాసిన వ్యాఖ్యలను మూటగట్టుకుని పోలేరు. స్టీమ్ వాళ్లు పోగలిగారు. నా దృష్టిలో బ్లాక్‌చైన్ సామాజిక మాధ్యమం ఇచ్చిన అసలైన హక్కు ఇదొక్కటే. మిగిలినవాటిలో చాలాభాగం ప్రచారమే.

అలాగని కొత్త గొలుసు మచ్చలేనిదేమీ కాదు. సన్ పక్షం సాక్షులకు వోటు వేసిన కొన్ని మామూలు ఖాతాలకు కూడా హైవ్‌లో మొదట నిల్వలు ఇవ్వలేదు. అటు స్టీమ్‌లో 2020 మే 20న జరిగిన హార్డ్ ఫోర్క్ 64 ఖాతాల నుంచి సుమారు 2.36 కోట్ల స్టీమ్‌ను లాగేసుకుంది. అవి ఎక్కువగా వ్యతిరేక పక్షంవారివి. ఎవరూ మార్చలేరని చెప్పుకునే పుస్తకంలో నిల్వలు ఇలా మాయమయ్యాయి. చేతివాటంతో కాదు, నవీకరణతోనే.

6. హైవ్ మార్చుకున్న నియమాలు

హైవ్ నిర్మాతలు మార్చి 2 నాటి దెబ్బను నేరుగా ప్రోగ్రాములోకి ఎక్కించారు. కొత్తగా కట్టిపెట్టిన నాణేలకు సాక్షుల ఎన్నికలో 30 రోజుల దాకా వోటు బరువు రాదు. ఎవరైనా పెద్ద నిల్వతో వచ్చినా మిగిలినవాళ్లు తేరుకోవడానికి నెల రోజులు ఉంటాయి. 2021 జూన్‌లో జరిగిన 25వ హార్డ్ ఫోర్క్‌తో మరొకటి చేర్చారు: ఏడాదిపాటు ఎన్నికల విషయంలో ఏ చర్యా తీసుకోని ఖాతా వేసిన పాత వోట్లు రద్దవుతాయి. ఎప్పుడో వేసి మరిచిపోయిన వోట్లతో కుర్చీలో కూర్చున్న సాక్షులు మళ్లీ వోట్లు అడగవలసి వచ్చింది. ఇంతకు ముందు "మాట ఇచ్చాం" అన్నచోట ఇప్పుడు నియమం ఉంది. కానీ డబ్బు బరువునుబట్టే వోటు అన్న మూల సూత్రం మాత్రం మారలేదు.

7. కొయ్యూరు నుంచి నోడ్ నడపగలమా?

ఇప్పటిదాకా "నోడ్ నడిపేవారి సమ్మతి" అంటూ వచ్చాం. మరి నోడ్ నడపడం ఎంతమందికి సాధ్యం? పాత పేజీలేవీ తీసేయరు కనక పుస్తకం పెరుగుతూనే ఉంటుంది. హైవ్ చరిత్ర మొత్తం ఉంచుకోవాలంటే వందల గిగాబైట్ల నిల్వ కావాలి. రోజంతా ఆగని కరెంటు, తెగని ఇంటర్నెట్ కావాలి. గాలివానకి లైను తెగితే తిరిగి ఎప్పుడొస్తుందో చెప్పలేని ఊళ్లో ఇది జరిగే పని కాదు. ఇక్కడి వాడకందారు ఫోనులో యాప్ తెరిచి ఎవరో నడిపే నోడ్ ద్వారానే లోపలికి వెళతారు. ఆ యాప్‌ను నడిపేవారు ఒక పోస్టును గొలుసు నుంచి తీసేయలేరు, కానీ తమ తెర మీద కనపడకుండా చేయగలరు. ఆచరణలో ఎక్కువమందికి రెండింటికీ తేడా తెలియదు.

ఈ బరువు తగ్గించాలనే తరవాత వచ్చిన నెట్‌వర్కులు వేరే దారి పట్టాయి. ఫార్‌కాస్టర్‌లో ఖాతా గుర్తింపు మాత్రమే ఎథీరియం పైన కట్టిన ఆప్టిమిజం అనే గొలుసు మీద ఉంటుంది. పోస్టులు విడిగా వేరే నోడ్లలో ఉంటాయి. లెన్స్ 2022లో, మన దేశంలో మ్యాటిక్ పేరుతో పుట్టిన పాలిగాన్ మీద మొదలై, 2025 ఏప్రిల్‌లో సొంత గొలుసుకి తరలిపోయింది. ఇలాంటివి మరొక గొలుసు మీద ఆధారపడి ఉంటాయి కనక కింది గొలుసులో వచ్చే మార్పు వీటినీ తాకుతుంది. 2024 మార్చి 13న ఎథీరియంలో జరిగిన డెన్‌కన్ నవీకరణతో దాని పైన కట్టిన గొలుసుల ఖర్చు బాగా తగ్గింది. ఆ నిర్ణయంలో ఫార్‌కాస్టర్ వాడకందారుల వోటేమీ లేదు, లాభం మాత్రం అందింది. రేపు నష్టమైనా అలాగే అందుతుంది.

8. నవీకరణ రోజున వాడకందారు పని

స్టీమ్, హైవ్ ఖాతాలకు ఒకటి కాదు, కొన్ని వేర్వేరు తాళాలుంటాయి. పోస్టు పెట్టడానికి, వోటు వేయడానికి పోస్టింగ్ తాళం. డబ్బు పంపడానికి యాక్టివ్ తాళం. తాళాలన్నిటినీ మార్చగలిగేది ఓనర్ తాళం. రోజువారీ యాప్‌లో పోస్టింగ్ తాళం మాత్రమే ఇవ్వాలి. అది పోయినా పోయేది మాటే, మూట కాదు.

నవీకరణ నోడ్ నడిపేవారి పని. మామూలు వాడకందారు చేయవలసినది, మహా అయితే, యాప్ కొత్త వెర్షన్ దించుకోవడమే. కానీ ప్రతి ఫోర్క్ ముందూ "నెట్‌వర్క్ మారుతోంది, మీ ఖాతా కొత్త గొలుసుకి మార్చుకోవాలంటే ఇక్కడ తాళం ఎక్కించండి" అనే సందేశాలు తిరుగుతాయి. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి ఓటీపీ అడిగేవారికీ వీరికీ తేడా లేదు. హైవ్ మొదలైన రోజు ఎవరూ ఎక్కడా తాళం ఇవ్వనక్కరలేకుండానే ఖాతాలన్నీ అటు వచ్చేశాయని గుర్తుంచుకోండి. ఓనర్ తాళం దొంగ చేతికి చిక్కి అతను దాన్ని మార్చేసినా, మార్చిన 30 రోజుల లోపు, ఖాతా తెరిచినప్పుడు నమోదైన రికవరీ ఖాతా సాయంతో తిరిగి పొందే ఏర్పాటు ఈ రెండు గొలుసుల్లోనూ ఉంది. ఆ గడువు దాటితే ఫిర్యాదు చేసుకోవడానికి ఏ ఆఫీసూ లేదు. మీకు అటువంటి ఖాతా ఉంటే రికవరీ ఖాతాగా ఎవరి పేరు నమోదై ఉందో ఈ రోజే చూసుకోండి.